వ్యక్తీకరణే కారణమా? దంతాలు, లాలాజల గ్రంథుల పిండాభివృద్ధి పరిశోధనపై విమర్శనాత్మక పరిశీలన

సారాంశం

పిండదశలో దంతాలు, లాలాజల గ్రంథులు రూపొందేటప్పుడు ఏ జన్యువు ఏ కణాలలో, ఏ దినాన వ్యక్తమవుతుందో తెలిపే సమాచారం గత కొన్ని దశాబ్దాలలో విస్తారంగా పోగయింది. ఈ సమాచారాన్నే కారణ నిరూపణగా గ్రహించే ధోరణిని ఈ వ్యాసం పరీక్షిస్తుంది. ఒక జన్యువు ఒకచోట వ్యక్తమవుతున్నదనే పరిశీలన, అది అక్కడ అవసరమనే నిర్ణయం, దానితోనే ఆ పని జరుగుతుందనే నిర్ణయం వేర్వేరు స్థాయిలకు చెందినవని, మూడింటికీ వేర్వేరు ఆధారాలు కావాలని ప్రతిపాదిస్తుంది. కణజాల సంయోగ ప్రయోగాలు, జన్యువులను తొలగించిన ఎలుకలు, కోడి పళ్ళ వివాదం, ఈడీఏ జన్యులోపం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: జన్యు వ్యక్తీకరణ, పిండాభివృద్ధి, దంతం, లాలాజల గ్రంథి, అన్వయ వ్యతిరేకాలు, మిథ్యాజన్యువు.

1. ప్రవేశిక

చిట్టెలుక గర్భకాలం సుమారు 19 నుంచి 20 దినాలు. అందులో 11వ దినం దాటిన తరువాత పిండం నోటి లోపలి పొర కొన్నిచోట్ల మందమవుతుంది. దవడ అంచున మందమైన చోట్లు దంతాలకు నాంది. నాలుక పక్కన మందమైన చోటు అధోజంభికా గ్రంథికి, అంటే కింది దవడ అడుగున ఉండే లాలాజల గ్రంథికి నాంది. రెండు చోట్లా పైపొర అయిన ఉపకళ కింది కణజాలంలోకి మొగ్గలా దిగుతుంది. రెండు చోట్లా ఆ మొగ్గ చుట్టూ మీసెన్‌కైమ్ అనే వదులైన కణసముదాయం గుమిగూడుతుంది. ఆపైన దారులు వేరవుతాయి. దంతపు మొగ్గ 14వ దినం దాటేసరికి టోపీ ఆకృతిని, తరువాత గంట ఆకృతిని పొంది చివరకు శరీరంలోకెల్లా గట్టి పదార్థమైన ఎనామిల్‌ను తయారుచేస్తుంది. గ్రంథి మొగ్గ చీలికలుగా చీలి, కొమ్మలు వేసి, ద్రవాన్ని స్రవించే వృక్షంగా మారుతుంది.

ఇంత దగ్గరి ఆరంభం నుంచి ఇంత భిన్నమైన అవయవాలు ఎలా వచ్చాయన్నది పిండశాస్త్రంలో మౌలికమైన ప్రశ్న. దీనికి నేటి పరిశోధన ఇచ్చే సమాధానం చాలావరకు జన్యు వ్యక్తీకరణ పటాల రూపంలో ఉంటుంది. 1990లలోనే హెల్సింకి విశ్వవిద్యాలయంలో ఇర్మా థెస్లెఫ్ బృందం దంతాభివృద్ధిలో వ్యక్తమయ్యే జన్యువుల వివరాలను చిత్రరూపంలో ఒక బహిరంగ దత్తాంశనిధిగా కూర్చింది. పరిశోధకులకు అది చేసిన మేలు పెద్దది. అయితే అటువంటి పటాలను చదివే పద్ధతిలో ఒక తార్కిక దోషం స్థిరపడింది. ఒక జన్యువు దంతపు మొగ్గలో వ్యక్తమవుతున్నది కనుక దంత నిర్మాణంలో అది ముఖ్యపాత్ర వహిస్తున్నదని ముగించే వాక్యం పరిశోధన పత్రాలలోను, సిద్ధాంత గ్రంథాలలోను తరచు కనిపిస్తుంది. ఆ వాక్యంలోని ‘కనుక’ నిలుస్తుందా అన్నదే ఈ వ్యాసం చర్చించే అంశం.

2. పదం, దాని పరిధి

తెలుగులో స్థిరపడిన ‘వ్యక్తీకరణ’ అనే పదం సాహిత్య విమర్శ నుంచి పరిచితమైనది. భావవ్యక్తీకరణ అన్నప్పుడు లోపల సిద్ధంగా ఉన్న భావం మాటల ద్వారా వెలికి వస్తుందనే ఊహ ఉంటుంది. ఇదే ఊహ జీవశాస్త్రంలోకి వస్తే దంతం జన్యువులో ముందే సిద్ధంగా ఉందని, వ్యక్తీకరణ దానిని బయటపెడుతుందని తోస్తుంది. శాస్త్రార్థం ఇంతకంటె పరిమితమైనది. జన్యువులోని సమాచారానికి ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలు తయారై, దాని ఆధారంగా చాలా సందర్భాలలో ప్రోటీన్ ఏర్పడటమే జన్యు వ్యక్తీకరణ.

పరిశోధనాగారంలో సాధారణంగా కంటికి కనిపించేది ఇందులో మొదటి మెట్టు మాత్రమే. పిండం నుంచి తీసిన పలుచని పొరలో వార్తాహర ఆర్‌ఎన్‌ఏ ఉన్నచోటు రంగుతో గుర్తుపడుతుంది. ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి తగినంత ప్రోటీన్ తయారైందా, తయారైన ప్రోటీన్ కణం దాటి వెళ్ళిందా, వెళ్ళినచోట దానిని అందుకునే గ్రాహకం ఉందా, గ్రాహకం ఉన్నా దానిని అడ్డుకునే మరో ప్రోటీన్ పక్కనే ఉందా అన్న ప్రశ్నలకు ఆ రంగు సమాధానం చెప్పదు. పటం అబద్ధం చెప్పదు. అడగని ప్రశ్నకు దానిచేత సమాధానం చెప్పించడమే దోషం.

3. జన్యువులకు ముందే తెలిసిన విషయం

జన్యువుల పేర్లు తెలియకముందే అవయవ నిర్మాణంలోని కీలక సూత్రం ప్రయోగాలలో బయటపడింది. 1953లో క్లిఫర్డ్ గ్రోబ్‌స్టైన్ ఎలుక పిండం నుంచి అధోజంభికా గ్రంథి మొగ్గను తీసి, ఉపకళను మీసెన్‌కైమ్ నుంచి వేరుచేసి పెంచాడు. ఒంటరి ఉపకళ కొమ్మలు వేయలేదు. దాని మీసెన్‌కైమ్‌ను తిరిగి జతచేస్తే కొమ్మలు వేసింది. దంతం విషయంలో ఎడ్వర్డ్ కొల్లర్, గ్రేస్ బెయిర్డ్ 1969, 1970లలో చేసిన ప్రయోగాలు ఇంకా ఆశ్చర్యకరమైనవి. చర్వణకపు మీసెన్‌కైమ్‌తో కుంతకపు ఉపకళను కలిపితే చర్వణకం ఏర్పడింది. దంతపు మీసెన్‌కైమ్‌తో ఎలుక పాదపు ఉపకళను కలిపితే ఆ పాదపు చర్మమే దంత నిర్మాణంలో పాల్గొన్నది.

ఇంతవరకు చూస్తే ఆజ్ఞ మీసెన్‌కైమ్‌దే అనిపిస్తుంది. 1987లో మీనా, కొల్లర్ ఆ నిర్ణయాన్ని సవరించారు. సుమారు 12వ దినానికి ముందు దంతాన్ని ప్రేరేపించే శక్తి దవడ ఉపకళలో ఉంటుందని, తరువాతనే అది మీసెన్‌కైమ్‌కు మారుతుందని వారు చూపారు. అంటే ‘ఎవరు ఆజ్ఞాపిస్తారు’ అన్న ప్రశ్నకు ‘ఏ దినాన’ అన్న ఎదురుప్రశ్న లేకుండా సమాధానం లేదు.

1976లో సకకురా, ఆమె సహచరులు ప్రచురించిన ఫలితం ఈ చర్చకు మరో కోణం ఇచ్చింది. స్తనగ్రంథి ఉపకళను లాలాజల గ్రంథి మీసెన్‌కైమ్‌తో కలిపితే అది లాలాజల గ్రంథిలా కొమ్మలు వేసింది. కాని తయారుచేసింది మాత్రం పాలకు సంబంధించిన ప్రోటీన్. ఆకృతి పొరుగు కణజాలం ఇచ్చింది, స్వభావం సొంతంగా నిలిచింది. ఒకే కణంలో కొన్ని జన్యువులు పొరుగువారి మాట వింటాయి, కొన్ని వినవు. ఈ భేదం వ్యక్తీకరణ పటంలో కనిపించదు, ఎందుకంటే పటంలో అన్ని జన్యువులూ ఒకే రంగు చుక్కలుగా ఉంటాయి.

4. అన్వయ వ్యతిరేకాల పరీక్ష

భారతీయ న్యాయశాస్త్రం కార్యకారణ సంబంధాన్ని నిర్ణయించడానికి అన్వయ వ్యతిరేకాలను ప్రమాణంగా చెప్పింది. ఒకటి ఉంటే మరొకటి ఉండటం అన్వయం. ఒకటి లేకపోతే మరొకటి లేకపోవడం వ్యతిరేకం. కార్యానికి ముందు ఉన్నంత మాత్రాన ప్రతిదీ కారణం కాదని కూడా ఆ శాస్త్రం హెచ్చరించింది. కుండ తయారుకాకముందు మట్టి మోసిన గాడిద అక్కడే ఉన్నప్పటికీ అది కుండకు కారణం కాదు. దానిని ‘అన్యథాసిద్ధం’ అన్నారు. వ్యక్తీకరణ పటం ఇచ్చేది పూర్వస్థితి మాత్రమే. మొగ్గ ఏర్పడేచోట ఎవరెవరు ఉన్నారో అది చెబుతుంది. అందులో కుమ్మరి ఎవరు, గాడిద ఏది అన్నది వేరే పరీక్షతో తేలవలసిందే.

వ్యతిరేక పరీక్షకు ఆధునిక రూపం జన్యువును తొలగించిన ఎలుక. 1994లో సటోకటా, మాస్ ఎంఎస్‌ఎక్స్1 జన్యువు లేని ఎలుకలను పరిశీలించారు. దంతాలు మొగ్గ దశలోనే ఆగిపోయాయి. 1998లో పాక్స్9 జన్యువు విషయంలోను అదే ఫలితం వచ్చింది. మనుషులలో 1996లో ఎంఎస్‌ఎక్స్1, 2000లో పాక్స్9 ఉత్పరివర్తనలకు వంశపారంపర్య దంతలోపంతో సంబంధం నిరూపితమైంది. ఇక్కడ వ్యక్తీకరణ, ఆవశ్యకత ఏకీభవించాయి.

ప్రతిసారీ అలా ఏకీభవించవు. డీఎల్‌ఎక్స్1, డీఎల్‌ఎక్స్2 జన్యువులు పై దవడలోను, కింది దవడలోను దంతాలు పుట్టే ప్రాంతపు మీసెన్‌కైమ్‌లో వ్యక్తమవుతాయి. వాటిలో ఏ ఒక్కదానిని తొలగించినా దంతాలు మామూలుగా వచ్చాయి. రెండింటినీ తొలగిస్తే పై దవడ చర్వణకాలు మాత్రమే లోపించాయి; కింది దవడ చర్వణకాలు యథాతథంగా ఏర్పడ్డాయి. పటం ప్రకారం రెండు దవడల మధ్య భేదం లేదు. ఆవశ్యకత ప్రకారం భేదం సంపూర్ణం. ఒక జన్యువును మాత్రమే తొలగించి చూసినవారు దానిని అన్యథాసిద్ధమని తోసిపుచ్చితే అదీ పొరపాటే అయ్యేది. ఒక కుమ్మరి లేనప్పుడు రెండో కుమ్మరి సారె తిప్పితే మొదటివాడు కుమ్మరి కాకుండా పోడు. అందువల్ల వ్యతిరేక పరీక్షకూ దాని పరిమితి దానికి ఉంది.

దంతాన్ని, గ్రంథిని పక్కపక్కన పెట్టి చూడటంలోని ప్రయోజనం ఎఫ్‌జీఎఫ్10 విషయంలో స్పష్టమవుతుంది. ఈ సంకేత ప్రోటీన్ రెండు అవయవాల మీసెన్‌కైమ్‌లోను తయారవుతుంది. అది లేని ఎలుకలలో లాలాజల గ్రంథి తొలి మొగ్గ దాటి ముందుకు పోదు. చర్వణకాలు మాత్రం ఏర్పడతాయి. జీవితాంతం పెరిగే ఎలుక కుంతకంలో మూలకణాలను నిలుపుకొనే భాగం దెబ్బతింటుంది. మనుషులలో ఈ జన్యువు రెండు ప్రతులలో ఒకటి చెడినా చాలు, లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు లోపించవచ్చునని 2005లో వెల్లడైంది. అటువంటివారికి నోరు తడారి దంతాలు పుచ్చిపోతాయి. దంతం నిర్మాణానికి అంతగా అక్కరలేని జన్యువు, గ్రంథి ద్వారా దంతం మనుగడను నిర్ణయిస్తున్నది. రెండు అవయవాల పటాలలో ఒకే పేరు కనిపించినంత మాత్రాన దాని బాధ్యత ఒకటే అని అనుకోరాదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

అన్వయ పరీక్షకు, అంటే అదనంగా ఇచ్చి చూడటానికి, రెండు ఉదాహరణలు చాలు. 1993లో వైనియో, థెస్లెఫ్ తదితరులు బీఎంపీ4 ప్రోటీన్‌లో నానబెట్టిన పూసలను దంతపు మీసెన్‌కైమ్ మీద ఉంచి, ఉపకళ చేయవలసిన సంకేతాల పనిలో కొంత ఆ పూసలే చేయగలవని చూపారు. ఎంఎస్‌ఎక్స్1 లేని దంతపు మొగ్గకు బయటి నుంచి బీఎంపీ4 అందిస్తే ఆగిన అభివృద్ధి కొంతవరకు ముందుకు సాగింది. 1998లో అబిగెయిల్ టక్కర్, పాల్ షార్ప్ తదితరులు 10వ దినపు ఎలుక దవడలో బీఎంపీ సంకేతాన్ని నాగిన్ అనే ప్రోటీన్‌తో అడ్డుకున్నారు. కుంతకం రావలసిన ప్రాంతంలో బార్క్స్1 జన్యువు వ్యక్తమైంది; అక్కడ చర్వణకాన్ని పోలిన దంతం ఏర్పడింది. ఈ ప్రయోగంలో వ్యక్తీకరణ మారింది, దానితోపాటు ఫలితమూ మారింది. వ్యక్తీకరణ పటం ఆధారమయ్యేది ఇటువంటి ప్రయోగంలో భాగమైనప్పుడే.

5. కోడి పళ్ళు: ఒక శీర్షిక చరిత్ర

జరగని పనికి తెలుగువారు కుందేటి కొమ్మును సామ్యంగా చెబుతారు. ఫ్రెంచివారు కోడి పళ్ళను చెబుతారు. 1980లో కొల్లర్, ఫిషర్ ఆ సామెతకే సవాలు విసిరారు. కోడి పిండం ఉపకళను ఎలుక చర్వణకపు మీసెన్‌కైమ్‌తో కలిపి పెంచితే కొన్నింటిలో ఎనామిల్‌తో కూడిన దంతం వచ్చిందని ప్రకటించారు. కోడిలో ఎనామిల్ జన్యువులు కోట్ల సంవత్సరాలుగా నిద్రిస్తున్నాయని, ఎలుక కణజాలం వాటిని మేల్కొల్పిందని వారి వ్యాఖ్యానం. ఆ భావం శీర్షికలోనే చేరింది. జన్యువులు చావవు, నిద్రిస్తాయి అన్న ఊహ పాఠ్యపుస్తకాలకు, జనరంజక గ్రంథాలకు ఎంతో ఆకర్షణీయంగా తోచింది.

తరువాతి పరిశోధన ఈ ఊహను రెండుగా విడదీసింది. 2000లో వెలువడిన అధ్యయనం ప్రకారం కోడి దవడలో దంతాన్ని ఆరంభించే సంకేతాలు చాలావరకు నిలిచే ఉన్నాయి. లోపించినది ఉపకళలోని బీఎంపీ4 వ్యక్తీకరణ. 2003లో మిట్సియాడిస్ తదితరులు ఎలుక నాడీ శిఖర కణాలను కోడి పిండంలో నాటితే దంతపు మొగ్గల వంటివి ఏర్పడ్డాయి. 2006లో హారిస్ తదితరులు టాల్పిడ్2 అనే ఉత్పరివర్తన గల కోడి పిండాలలో మొసలి జాతి తొలి దంతాలను పోలిన శంకువులను గుర్తించారు. ఆరంభించే శక్తి నిజంగానే మిగిలి ఉందని ఇవి బలపరిచాయి.

ఎనామిల్ సంగతి వేరు. కోడి జన్యుసముదాయం వెల్లడైన తరువాత 2008లో సీర్, ఆయన సహచరులు వెదికితే ఎనామిల్‌కు ప్రధానమైన అమెలోజెనిన్ జన్యువు మిథ్యాజన్యువుగా, అంటే పనిచేయని శిథిలంగా కనిపించింది. 2014లో మెరెడిత్ తదితరులు 48 పక్షిజాతులను పరిశీలించి, ఎనామిల్, డెంటిన్‌లకు సంబంధించిన ఆరు జన్యువులు వాటిలో పాడైపోయాయని, ఎనామిల్ లోపం సుమారు 11.6 కోట్ల సంవత్సరాల క్రితపు ఉమ్మడి పూర్వజీవి నాటిదని అంచనా వేశారు. కనుక 1980 నాటి దంతంలోని ఎనామిల్ కోడి జన్యువులది కాజాలదు. ఎలుక ఉపకళ కొంత ఆ మీసెన్‌కైమ్‌కు అంటుకొని వచ్చి ఉండవచ్చునన్న సందేహమే ఇప్పుడు సహేతుకమైన వివరణ.

ఇందులో గ్రహించవలసినది ఒక పరిశోధక బృందం లోపం కాదు. సంకేత జన్యువులు ఎందుకు నిలిచాయి, ఎనామిల్ జన్యువులు ఎందుకు నశించాయి అన్నది అసలు ప్రశ్న. బీఎంపీ4, ఎఫ్‌జీఎఫ్8, సోనిక్ హెడ్జ్‌హాగ్ వంటి సంకేతాలకు రెక్కలు, ఈకలు, ఊపిరితిత్తుల నిర్మాణంలోనూ పని ఉంది. పళ్ళు పోయినా వాటికి ఉద్యోగం పోలేదు. ఎనామిల్ జన్యువులకు వేరే పని లేదు. పళ్ళతోపాటే అవీ పోయాయి. దీని అర్థం సూటియైనది. దంతాన్ని ఆరంభించే జన్యువులలో ‘దంత జన్యువు’ అనదగినది దాదాపు లేదు. దంతానికే ప్రత్యేకమైన జన్యువులు పని చివర, పదార్థాన్ని పేర్చే దశలో వస్తాయి.

లాలాజల గ్రంథి ఇక్కడ మరోసారి తోడు వస్తుంది. 2003లో కవాసకి, వైస్ చూపిన ప్రకారం ఎనామిల్ ప్రోటీన్లు, పాలలోని కేసిన్లు, లాలాజలంలోని స్టాథరిన్ వంటి ప్రోటీన్లు ఒకే మూల జన్యువు నుంచి ప్రతులుగా విడివడిన కుటుంబానికి చెందినవి. ఎనామిల్ ప్రోటీన్ కాల్షియం లవణాన్ని స్ఫటికంగా పేర్పిస్తుంది. స్టాథరిన్ లాలాజలంలో అది పేరుకుపోకుండా ఆపుతుంది. ఒకే వంశంలోని జన్యువులు ఏ కణంలో వ్యక్తమవుతున్నాయన్న దానిని బట్టి, తరతరాలుగా అక్కడ పొందిన మార్పులను బట్టి విరుద్ధమైన పనులకు కుదురుకున్నాయి.

6. ఈడీఏ: విమర్శ రోగిని చేరే చోటు

వ్యక్తీకరణను కారణంగా చదవడం వల్ల ఎవరికి నష్టమన్న ప్రశ్న సహజం. దానికి సమాధానం ఈడీఏ జన్యువు చరిత్రలో ఉంది. డార్విన్ పెంపుడు జంతువులు, సాగు మొక్కల వైవిధ్యంపై రాసిన గ్రంథం రెండవ ముద్రణలో సింధు ప్రాంతపు ఒక హిందూ కుటుంబాన్ని ప్రస్తావించాడు. నాలుగు తరాలలో పదిమంది పురుషులకు పళ్ళు బహు కొద్ది. ఒంటిపై వెంట్రుకలు అంతంతమాత్రం. వేసవిలో చర్మం పొడిబారి బాధపడేవారు. కుమార్తెలకు ఈ లోపం కనిపించదు, కాని వారి కుమారులకు సంక్రమిస్తుంది. ఎక్స్ క్రోమోసోము ద్వారా సంక్రమించే ఈ స్థితికి మూలమైన ఈడీఏ జన్యువు 1996లో గుర్తింపు పొందింది. అదే జన్యువు చెడిన టాబీ ఎలుకలలో దంతాల శిఖరాలు తగ్గుతాయి. అధోజంభికా గ్రంథి చిన్నదై కొమ్మలు తక్కువ వేస్తుంది.

ఈ జన్యువు పటం ఎంత వివరంగా గీసినా చికిత్సకు దారి చూపినది పటం కాదు, అన్వయ పరీక్ష. 2003లో గైడ్, ష్నైడర్ గర్భంతో ఉన్న టాబీ ఎలుకలకు లోపించిన ప్రోటీన్‌ను అందిస్తే పుట్టిన పిల్లలలో లోపాలు చాలావరకు శాశ్వతంగా సరిపడ్డాయి. 2018లో ఆ ప్రోటీన్‌నే ముగ్గురు మగశిశువులకు, వారు గర్భంలో ఉండగానే, ఉమ్మనీటిలోకి ఎక్కించిన వివరాలు ప్రచురితమయ్యాయి. పుట్టిన తరువాత వారికి చెమట పట్టింది. ఇక్కడ నిర్ణాయకమైనది జన్యువు పేరు మాత్రమే కాదు, కాలం కూడా. అవయవం సంకేతాన్ని వినగల గడువులోనే సంకేతం అందాలి. గడువు దాటిన తరువాత అదే ప్రోటీన్ అంత మేలు చేయదు. పటాన్ని స్థిరమైన జాబితాగా చదివేవారికి ఈ గడువు కనిపించదు.

తల, మెడ కాన్సర్లకు రేడియేషన్ చికిత్స పొందినవారిలో లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరు శాశ్వతంగా ఎండిపోవడం తెలిసినదే. పొగాకు వాడకం వల్ల నోటి కాన్సర్ అధికంగా ఉన్న భారతదేశంలో ఇది చిన్న సమస్య కాదు. పిండదశలో గ్రంథిని నిర్మించిన జన్యువులను తిరిగి వ్యక్తం చేయిస్తే గ్రంథి తిరిగి వస్తుందన్న ఆశ అందువల్ల బలంగా ఉంది. ఆ ఆశ అసమంజసం కాదు. కాని జన్యువు వ్యక్తమైతే చాలదు. వినే కణం ఉండాలి, ఆకృతినిచ్చే పొరుగు కణజాలం ఉండాలి, గడువు తెరిచి ఉండాలి. ఈ మూడింటినీ వదిలిన వాగ్దానం పరిశోధన పత్రంలో అతిశయోక్తిగా మిగిలిపోవచ్చు. రోగికి మాత్రం అది ఆశాభంగం.

7. నేటి పరిశోధకుడి ముందున్న పని

ఇప్పుడు ఒక్కొక్క కణంలోని ఆర్‌ఎన్‌ఏను విడిగా చదివే పద్ధతులు వచ్చాయి. ఒక్క ప్రయోగంలో వేల జన్యువుల జాబితా సిద్ధమవుతుంది. జాబితా పెరిగినకొద్దీ పై దోషం తగ్గవలసింది పోయి పెరిగే ప్రమాదం ఉంది; వేల పేర్లలో ఏ కథకైనా సరిపడే పేర్లు దొరుకుతాయి. కణాలను విడదీసేటప్పుడు వాటి పొరుగు చెదిరిపోవడం ఇందులోని అదనపు చిక్కు. గ్రోబ్‌స్టైన్ నాటి నుంచి ముఖ్యమని తేలినది ఆ పొరుగే. కణజాలంలో స్థానాన్ని చెదరనీయకుండా వ్యక్తీకరణను కొలిచే కొత్త పద్ధతులు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి. అయినా అవి కూడా ఎవరు ఎక్కడ ఉన్నారో మాత్రమే చెబుతాయి.

వ్యక్తీకరణ అధ్యయనం తక్కువ స్థాయి పని అని దీని భావం కాదు. డీఎల్‌ఎక్స్ జన్యువులు ఎక్కడ వ్యక్తమవుతాయో తెలియకపోతే వాటిని జంటగా తొలగించి చూడాలన్న ఆలోచనే రాదు. కోడిలో బీఎంపీ4 లోపించిందని తెలిసింది వ్యక్తీకరణ పరిశీలన వల్లనే. పటం మంచి ప్రశ్నను పుట్టిస్తుంది. సిద్ధాంత వ్యాసంలో దాని స్థానం ప్రశ్న దగ్గరే కాని తీర్పు దగ్గర కాదు. జన్యువును తొలగించే సౌకర్యం లేని పరిశోధనాగారాలలో పనిచేసేవారికి ఇది కఠిన నియమంగా తోచవచ్చు. అటువంటప్పుడు ‘ముఖ్యపాత్ర వహిస్తుంది’ అనక ‘ఈ దినాన, ఈ కణాలలో వ్యక్తమవుతుంది, పాత్ర పరీక్షించవలసి ఉంది’ అని రాస్తే వ్యాసం విలువ తగ్గదు, తరువాతివారికి అది నమ్మదగిన ఆధారమవుతుంది.

8. ముగింపు

దంతం, లాలాజల గ్రంథి ఒకే నోటిలో, దాదాపు ఒకే దినాన, దాదాపు ఒకే సంకేతాలతో మొదలై రెండు భిన్న అవయవాలవుతున్నాయి. కేవలం జన్యువుల జాబితాయే కారణమైతే ఈ భేదం రావలసిన పని లేదు. భేదాన్ని కలిగిస్తున్నవి సంకేతం అందిన కాలం, దానిని అందుకున్న కణం చరిత్ర, పక్కనున్న కణజాలం. వ్యక్తీకరణ పటం వీటిని వెదకడానికి దారి చూపుతుంది. కోడి పళ్ళ విషయంలో ఒక వ్యాఖ్యానం సరికావడానికి సుమారు 28 సంవత్సరాలు పట్టింది. సరిదిద్దినది మరింత వివరమైన పటం కాదు, ఆ జన్యువు అసలు పనిచేయగల స్థితిలో ఉందా అన్న వేరొక ప్రశ్న. వ్యక్తమైనదానిని చూసినప్పుడు ఆ రెండో ప్రశ్నను కూడా అడగడం పరిశోధకుడి బాధ్యత.